మైనస్ వోల్టేజీని ఏడీసీతో కొలవడం ఎలా: సున్నాను పైకి ఎత్తే పద్ధతులు

మైక్రోకంట్రోలర్‌లో ఉండే ఏడీసీకి, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి, సున్నా కింద ఏముందో తెలియదు. 10 బిట్లదైతే 0 నుంచి 1023 దాకా, 12 బిట్లదైతే 0 నుంచి 4095 దాకా లెక్కపెడుతుంది. గ్రౌండ్‌కు 5 వోల్టులు కింద ఉన్న తీగను నేరుగా పిన్నుకు తగిలిస్తే మైనస్ 5 అని చెప్పదు, 0 అని చెబుతుంది. అలా చెబుతున్నంతసేపూ చిప్ లోపల పారకూడని దారిలో కరెంటు పారుతూ ఉంటుంది.

దీనికి పరిష్కారాలు చాలా ఉన్నా అన్నిటి వెనకా ఉన్న పని ఒక్కటే. సిగ్నల్‌ను కుదించి, దాని సున్నాను ఏడీసీ పరిధి మధ్యకు ఎత్తాలి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎత్తును తీసేయాలి. సర్క్యూట్ కట్టడం పది నిమిషాల పని. ఎత్తిన సున్నా కదలకుండా చూసుకోవడమే అసలు పని, ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి.

ముందు చూడాల్సింది: అది నిజంగా మైనస్సేనా?

విడి బ్యాటరీ, సోలార్ ప్యానెల్, థర్మోకపుల్, ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వంటి వాటికి సాధారణంగా గ్రౌండ్‌తో ఏ సంబంధమూ ఉండదు. రెండు కొసల్లో దేన్ని మీ బోర్డు గ్రౌండ్‌కు కలిపితే అదే సున్నా అవుతుంది. కాబట్టి రెండు వైపులా పవర్ ఆపేసి, సోర్స్ రెండు కొసలకూ మీ గ్రౌండ్‌కూ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడండి. ఏ కొసా కలిసి లేదా? అయితే:

వోల్టేజ్ ఎప్పుడూ ఒకే దిశలో ఉండేదైతే తీగలు తారుమారు చేయండి, పని అయిపోయింది.

రెండు దిశల్లోనూ మారేదైతే ఒక కొసను గ్రౌండ్‌కు కాక సగం సప్లైకి, అంటే 3.3 వోల్టుల బోర్డులో 1.65 వోల్టులకు కట్టండి. రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లతో సగం చేసి, దాన్ని ఫాలోవర్‌గా, అంటే వచ్చిన వోల్టేజీనే బలంగా తిరిగి ఇచ్చేలా, కట్టిన ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) గుండా పంపితే చాలు.

ఆడియో లాగా ఏసీ భాగం మాత్రమే కావాలనుకుంటే డీసీని ఆపి ఏసీని మాత్రం పోనిచ్చే కపులింగ్ కెపాసిటర్ వాడండి. పిన్ను నుంచి సప్లైకి ఒక 10 కిలోఓమ్, గ్రౌండ్‌కు ఒక 10 కిలోఓమ్, సిగ్నల్‌కు సిరీస్‌లో 10 మైక్రోఫారడ్. దీని కింది హద్దు సుమారు 3.2 హెర్ట్జ్. ఎలక్ట్రోలిటిక్ వాడితే దాని ప్లస్ కొస పిన్ను వైపు ఉండాలి, ఎందుకంటే అక్కడ ఎప్పుడూ సగం సప్లై ఉంటుంది.

సోర్స్ గ్రౌండ్ మీ గ్రౌండ్‌తో కలిసే ఉండి, డీసీ కూడా కొలవాల్సి వస్తేనే కిందివన్నీ అవసరం.

నేరుగా తగిలిస్తే ఏమవుతుంది?

సాధారణంగా ప్రతి పిన్నుకూ లోపల రెండు రక్షణ డయోడ్‌లు ఉంటాయి, ఒకటి గ్రౌండ్‌కు, ఒకటి సప్లైకి. పిన్ను గ్రౌండ్ కంటే అర వోల్టు దిగితే కింది డయోడ్ తెరుచుకుంటుంది. ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్ డేటాషీట్‌లో పిన్ను మీద గరిష్ఠ పరిమితి మైనస్ 0.5 వోల్టు. చాలా ఇతర చిప్‌లలో అది మైనస్ 0.3. అంతకు దిగువకు వెళ్తే మూడు రకాల చెడు జరగవచ్చు. కరెంటు పరిమితి దాటితే డయోడ్ కాలిపోవచ్చు. లేదా చిప్ లాచప్‌లోకి వెళ్లి, పవర్ తీసేదాకా సప్లైని షార్ట్ చేసినట్టు లాగుతుంది. మూడోదాన్ని పట్టుకోవడం కష్టం: చిప్ సబ్‌స్ట్రేట్ (అడుగు పొర)లోకి చొరబడిన కరెంటు వల్ల పక్క చానెళ్ల రీడింగులు పక్కదారి పడతాయి. నాలుగో చానెల్‌లో టెంపరేచర్ ఊరికే ఊగుతుంటే తప్పు సెన్సర్‌ది కాకపోవచ్చు, రెండో చానెల్ మైనస్‌లోకి దిగి ఉండొచ్చు.

పొరపాటున మైనస్ వచ్చినా పిన్ను గుండా 1 మిల్లీఆంప్ కంటే ఎక్కువ పోకుండా చూడాలన్న లెక్క పెట్టుకుంటే దాదాపు ఏ చిప్‌కూ ముప్పు రాదు.

మూడు రెసిస్టర్ల పద్ధతి

చాలా పనులకు ఇదే సరిపోతుంది. మూడు రెసిస్టర్లూ ఏడీసీ పిన్ను దగ్గర కలుస్తాయి. ఆర్1 కొలవాల్సిన తీగ నుంచి వస్తుంది, ఆర్2 రిఫరెన్స్ (ఏడీసీ తన కొలతకు పోల్చుకునే) వోల్టేజ్ నుంచి వస్తుంది, ఆర్3 గ్రౌండ్‌కు పోతుంది. ఆర్2 పైకి లాగుతుంది, ఆర్1 సిగ్నల్‌ను తెస్తుంది, ఆర్3 కుదింపును సరిచేస్తుంది.

విలువలు తేలడానికి సమీకరణాల గుంపు అక్కర్లేదు, మూడు భిన్నాలు చాలు.

1. కొలవాల్సిన పరిధి తేల్చుకోండి, దానికి కొంత వెసులుబాటు కలపండి. కావాల్సింది ±10 వోల్టులైతే ±12కి కట్టండి. కొస దాకా నింపితే, సిగ్నల్ కాస్త దాటినా 0 దగ్గరో 4095 దగ్గరో అతుక్కుపోతుంది, అది దాటిందన్న సంగతే మీకు తెలియదు.

2. కుదింపు = ఏడీసీ పరిధి ÷ ఇన్‌పుట్ మొత్తం పరిధి. 3.3 వోల్టుల ఏడీసీకి 3.3 ÷ 24 = 0.1375.

3. ఎత్తు = ఇన్‌పుట్ సున్నా ఉన్నప్పుడు పిన్ను మీద ఉండాల్సిన వోల్టేజ్ ÷ రిఫరెన్స్. సరిగ్గా మధ్యలో కావాలంటే 0.5.

4. మిగులు = 1 − కుదింపు − ఎత్తు. ఇక్కడ 0.3625.

5. మూడు రెసిస్టర్లూ సమాంతరంగా కలిస్తే ఎంత రావాలో ఎంచుకోండి. ఏటీమెగా328పీ డేటాషీట్ 10 కిలోఓమ్ లేదా అంతకంటే తక్కువ సోర్స్ ఇంపెడెన్స్‌కు (పిన్నుకు సిగ్నల్ ఇచ్చే వైపు నిరోధానికి) తన ఏడీసీని తీర్చిదిద్దామని చెబుతుంది. 5 కిలోఓమ్ పెట్టుకోవడం మంచిది.

6. ఆ 5 కిలోఓమ్‌ను ఒక్కో భిన్నంతో భాగించండి. ఆర్1 = 5 ÷ 0.1375 = 36.4 కిలోఓమ్, ఆర్2 = 5 ÷ 0.5 = 10 కిలోఓమ్, ఆర్3 = 5 ÷ 0.3625 = 13.8 కిలోఓమ్.

1 శాతం రెసిస్టర్ల వరుసలో 36.5, 10, 13.7 ఉంటాయి. వాటితో అసలు కుదింపు 0.1367, అసలు ఎత్తు 0.499 వస్తాయి. ఇన్‌పుట్ సున్నా దగ్గర పిన్ను మీద 1.647 వోల్టులు, మైనస్ 10 దగ్గర 0.28, ప్లస్ 10 దగ్గర 3.01. 12 బిట్ల ఏడీసీలో సున్నా 2044 దగ్గర పడుతుంది, ఒక్కో మెట్టు (రీడింగ్‌లో ఒక అంకె తేడా) ఇన్‌పుట్ వైపు 5.89 మిల్లీవోల్టులు. ఆ విలువలు చేతిలో లేకపోతే 36, 10, 15 పెట్టండి. పరిధి మైనస్ 11.9 నుంచి ప్లస్ 11.2 వరకు కాస్త పక్కకు జరుగుతుంది, అంతకుమించి నష్టం లేదు.

5 వోల్టుల బోర్డులో ±10 కొలవడానికి 20, 10, 20 కిలోఓమ్ సరిగ్గా సరిపోతాయి. ±5 అయితే ఆర్3 అక్కర్లేదు, ఆర్1, ఆర్2 రెండూ 10 కిలోఓమ్ చాలు. ఈ రెండు జతల్లోనూ వెసులుబాటు లేదని మాత్రం గుర్తుంచుకోండి.

మిగులు మైనస్ వస్తే ఒట్టి రెసిస్టర్లు ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ సిగ్నల్ అడుగుతున్నారని అర్థం. ±100 మిల్లీవోల్టుల సిగ్నల్‌ను ఒట్టి రెసిస్టర్లతో పరిధి నిండా పరచలేం. దానికి ఆప్-ఆంప్ కావాలి.

ఇప్పుడు కట్టండి. ఆర్2 పై కొసను ఏడీసీ ఏ రిఫరెన్స్‌తో పోల్చుకుంటుందో సరిగ్గా దానికే కట్టండి. ఈ ఒక్క తీగ మిగతా అన్నిటికంటే ముఖ్యం. ఏడీసీ 3.3 రైలుతో (సప్లై తీగతో) పోలుస్తూ, ఎత్తు కూడా అదే రైలు నుంచి వస్తే, రైలు 3.2కి జారినా సున్నా 2044 దగ్గరే ఉంటుంది, రెండూ కలిసే జారతాయి కాబట్టి. ఎత్తు ఒక చోట నుంచి, రిఫరెన్స్ మరో చోట నుంచి తెస్తే రైలు కదిలిన ప్రతిసారీ సున్నా కదులుతుంది. అయితే ఈ కిటుకు సున్నాను మాత్రమే కాపాడుతుంది. రైలు 3 శాతం మారితే మెట్టు పరిమాణం కూడా 3 శాతం మారుతుంది. అదీ నిలకడగా ఉండాలంటే ఆర్ఈఎఫ్3033 వంటి 0.2 శాతం రిఫరెన్స్ చిప్‌ను 5 వోల్టుల నుంచి నడిపి, దాన్నే ఏడీసీ రిఫరెన్స్ పిన్నుకూ ఆర్2కూ ఇవ్వండి. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులను రిఫరెన్స్‌గా నమ్మకండి, కేబుల్ మార్చితేనే అది మారుతుంది.

ఈఎస్‌పీ32 వాడేవాళ్లు ఇక్కడ ఆగాలి. దాని ఏడీసీ 3.3 రైలుతో పోల్చదు, లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్‌తో పోలుస్తుంది. అత్యధిక అటెన్యుయేషన్‌లో (లోపలే సిగ్నల్‌ను కుదించే సెట్టింగ్‌లో) కూడా నమ్మదగిన పరిధి సుమారు 0.15 నుంచి 2.45 వోల్టుల వరకే. కాబట్టి పిన్ను మీద ఆ పరిధిలోనే తిరిగేలా, సున్నా 1.3 వోల్టుల చుట్టూ ఉండేలా లెక్కలు మళ్లీ వేసుకోండి. ఎత్తు కోసం స్థిరమైన రిఫరెన్స్ వాడండి. ఖచ్చితత్వం కావాలంటే బయటి ఏడీసీ పెట్టుకోవడమే మేలు.

చివరగా పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య, చిప్‌కు వీలైనంత దగ్గరగా 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి. ఏడీసీ ప్రతి శాంపిల్‌కూ లోపలి చిన్న కెపాసిటర్‌ను నింపుకుంటుంది, ఏటీమెగాలో అది 14 పికోఫారడ్. బయటి కెపాసిటర్ దానికి కొన్ని వేల రెట్లు పెద్దదైతే ఆ గుటకకు పిన్ను వోల్టేజ్ కదలదు. దీనికి చెల్లించే మూల్యం వేగం. 5 కిలోఓమ్, 100 నానోఫారడ్ కలిస్తే హద్దు 319 హెర్ట్జ్. ఇన్‌పుట్ ఒక్కసారిగా మారినప్పుడు 12 బిట్ల ఖచ్చితత్వానికి కుదురుకోవడానికి 4.5 మిల్లీసెకన్లు పడుతుంది. వేగం కావాలంటే 10 నానోఫారడ్ పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో శాంప్లింగ్ సమయం పెంచండి.

రక్షణ కోసం వేరే భాగాలు కావాలా? 36.5 కిలోఓమ్ ఆర్1 దగ్గర ఇన్‌పుట్‌కు పొరపాటున మైనస్ 50 వోల్టులు తగిలినా పిన్ను డయోడ్ గుండా పోయేది 1 మిల్లీఆంప్ చుట్టూనే. కాబట్టి ±12కి కట్టిన సర్క్యూట్‌కు సాధారణంగా అక్కర్లేదు. పెడితే బీఏటీ54ఎస్ జంట షాట్కీ డయోడ్ పెట్టండి. వేడిలో దాని లీకేజీ పెరుగుతుంది, అది 5 కిలోఓమ్ గుండా పారి సున్నాను కదుపుతుంది. క్యాలిబ్రేషన్ కూడా డయోడ్ పెట్టాకే చేయండి.

ఈ పద్ధతి దాచే రెండు సంగతులు

ఇన్‌పుట్ తీగ ఊడిపోతే రీడింగ్ సున్నా రాదు. ఆర్1లో కరెంటు ఆగిపోయి, పిన్ను ఆర్2, ఆర్3 నిర్ణయించిన 1.91 వోల్టుల దగ్గర నిలుస్తుంది. మీ ప్రోగ్రామ్ దాన్ని ఇన్‌పుట్‌లో ప్లస్ 1.91 వోల్టులు ఉన్నట్టే చూపిస్తుంది. ఆర్3 లేని రెండు రెసిస్టర్ల సర్క్యూట్‌లో ఏకంగా ప్లస్ 5 చూపిస్తుంది. ఏమీ తగిలించకుండా రీడింగ్ చూసి సర్క్యూట్ తప్పని పీకేయకండి. ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేశాకే సున్నా గురించి మాట్లాడాలి.

రెండోది, ఈ సర్క్యూట్ తాను కొలిచే వస్తువులోకే కరెంటు తోస్తుంది. ఇన్‌పుట్ సున్నా ఉన్నప్పుడు ఆర్1 గుండా 45 మైక్రోఆంప్‌లు సోర్స్‌లోకి వెళ్తాయి. పవర్ సప్లైకి అది లెక్కే కాదు. కానీ సోర్స్‌కు 1 కిలోఓమ్ అంతర్నిరోధం ఉంటే ఆ ఒక్కదానివల్లే 45 మిల్లీవోల్టులు తేడా వస్తుంది. అలాంటి సోర్స్‌లకు మూడు రెసిస్టర్లనూ పది రెట్లు పెంచి 365, 100, 137 కిలోఓమ్ పెట్టి, పిన్నుకు ముందు ఎంసీపీ6002 ఆప్-ఆంప్‌ను ఫాలోవర్‌గా కట్టండి. కరెంటు 4.5 మైక్రోఆంప్‌లకు దిగుతుంది. ఫాలోవర్ రెసిస్టర్ల తర్వాతే రావాలి, ముందు కాదు. ముందు పెడితే మైనస్ వోల్టేజ్ సింగిల్ సప్లై ఆప్-ఆంప్ కాలికే తగులుతుంది, అప్పుడు మొదటి సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

ఆప్-ఆంప్‌తో

ఎప్పుడూ మైనస్‌లోనే ఉండే వోల్టేజీకి, ఉదాహరణకు మైనస్ 12 సప్లై రైలును కాపలా కాయడానికి, ఇన్‌వర్టింగ్ యాంప్లిఫయర్ చాలు. ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కు, సిగ్నల్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు 120 కిలోఓమ్, అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు 30 కిలోఓమ్. మైనస్ 12 వస్తే అవుట్‌పుట్ ప్లస్ 3.0 వోల్టులు. ఆప్-ఆంప్‌కు మైనస్ సప్లై అవసరమే లేదు, ఎందుకంటే దాని ఇన్‌పుట్ కాలు ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటుంది, అవుట్‌పుట్ ఎప్పుడూ ప్లస్‌లోనే ఉంటుంది. 30 కిలోఓమ్‌కు సమాంతరంగా 10 నానోఫారడ్ పెడితే 530 హెర్ట్జ్ పైన శబ్దం తగ్గుతుంది.

దీని బలహీనత సున్నా దగ్గర. రైల్ టు రైల్ (గ్రౌండ్ నుంచి సప్లై దాకా పోగలది) అని పేరున్నా ఎంసీపీ6002 అవుట్‌పుట్ కొన్ని మిల్లీవోల్టుల నుంచి 25 మిల్లీవోల్టుల దాకా గ్రౌండ్‌కు దూరంగా ఆగిపోవచ్చు. ఇన్‌పుట్ వైపు అది 0.1 వోల్టుతో సమానం. మైనస్ 12ను కనిపెట్టడానికి ఇది అడ్డు కాదు. మైనస్ 50 మిల్లీవోల్టులు కొలవాలంటే అడ్డే.

రెండు దిశలూ కావాలంటే అదే సర్క్యూట్‌లో ప్లస్ ఇన్‌పుట్‌ను గ్రౌండ్ నుంచి తీసి ఎత్తండి. ఇన్‌పుట్ రెసిస్టర్ 100 కిలోఓమ్, ఫీడ్‌బ్యాక్ 15 కిలోఓమ్. ప్లస్ ఇన్‌పుట్‌కు 3.3 రిఫరెన్స్ నుంచి 13 కిలోఓమ్, గ్రౌండ్‌కు 10 కిలోఓమ్, ఆ 10 కిలోఓమ్ మీద 100 నానోఫారడ్. ఆ కాలి మీద 1.435 వోల్టులు వస్తాయి, దాన్ని సర్క్యూట్ 1.15 రెట్లు చేస్తుంది, అవుట్‌పుట్ సరిగ్గా 1.65 దగ్గర కూర్చుంటుంది. ఇక్కడే చాలామంది ప్లస్ ఇన్‌పుట్‌కు 1.65 ఇచ్చేసి, అవుట్‌పుట్ మధ్య 1.9కి పోయిందని తికమక పడతారు. ఎత్తు కూడా గెయిన్ (సర్క్యూట్ పెంచే రెట్లు) గుండా పోతుందన్న సంగతి మరిచిపోవడమే కారణం. ఫలితం: అవుట్‌పుట్ = 1.65 − 0.15 × ఇన్‌పుట్. ±10కి 0.15 నుంచి 3.15 వరకు. గుర్తు తిరగబడుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ తిప్పండి.

చేతిలో ఎల్ఎం358 ఆప్-ఆంప్ ఉందని ఇక్కడ పెట్టకండి. దాని అవుట్‌పుట్ సప్లైకి సుమారు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. 3.3 వోల్టులతో నడిపితే పై సగం మొత్తం పోయినట్టే. 5 వోల్టుల పైన సప్లై ఇచ్చి 3.3 వరకే వాడుకుంటే సరే, కానీ అప్పుడు అవుట్‌పుట్ ఏడీసీ పరిధి దాటే ప్రమాదం ఉంటుంది. మధ్యలో 1 కిలోఓమ్ సిరీస్ రెసిస్టర్ పెట్టండి.

చిప్ కొనేవాళ్లకు

ఏడీఎస్1115 అనే బయటి ఏడీసీ చిప్ డేటాషీట్‌లో ±4.096, ±2.048 వంటి పరిధులు చూసి చాలామంది మోసపోతారు. డిఫరెన్షియల్ అంటే రెండు పిన్నుల తేడా మైనస్ కావచ్చని అర్థం. ఏ పిన్నూ విడిగా గ్రౌండ్ కంటే 0.3 వోల్టులు మించి కిందికి దిగకూడదు, సప్లై కంటే అంతే మించి పైకి పోకూడదు. ±4.096 పరిధి ఎంచుకున్నా మైనస్ 4 వోల్టుల తీగను తగిలించడానికి లేదు.

అయినా దాన్ని మన పనికి చక్కగా వాడుకోవచ్చు. ఒక పిన్నుకు మూడు రెసిస్టర్ల నోడ్, రెండో పిన్నుకు అదే రిఫరెన్స్ నుంచి రెండు 10 కిలోఓమ్‌లతో చేసిన సగం వోల్టేజ్ ఇవ్వండి. ±2.048 పరిధిలో ఒక మెట్టు 62.5 మైక్రోవోల్టులు, పై విలువలతో ఇన్‌పుట్ వైపు 0.46 మిల్లీవోల్టు. ఎత్తు రెండు వైపులా ఉంటుంది కాబట్టి చాలావరకు కొట్టుకుపోతుంది, రిజల్యూషన్ 5.89 నుంచి పన్నెండు రెట్లకు పైగా మెరుగవుతుంది. వేగం మాత్రం సెకనుకు 860 శాంపిళ్లే.

తలనొప్పి వద్దనుకుంటే నిజంగా ±10 తీసుకునే ఏడీసీలు ఉన్నాయి. ఏడీ7606 ఒక్క 5 వోల్టుల సప్లైతోనే నడుస్తూ 8 చానెళ్ల మీద ±10 లేదా ±5 తీసుకుంటుంది. 16 బిట్లు, ఇన్‌పుట్ నిరోధం 1 మెగాఓమ్. కుదింపు, ఎత్తు, రిఫరెన్స్ అన్నీ దాని లోపలే జరుగుతాయి. కొలవాల్సింది కరెంటైతే వోల్టేజ్ దాకా పోనక్కర్లేదు. ఐఎన్ఏ219 షంట్ (కరెంటు పారే చిన్న రెసిస్టర్) మీద ±320 మిల్లీవోల్టుల వరకు రెండు దిశల్లోనూ కొలుస్తుంది, ఏసీఎస్712 సున్నా కరెంటు దగ్గర సగం సప్లైని తానే ఇస్తుంది.

క్యాలిబ్రేషన్

1 శాతం రెసిస్టర్లు మూడూ చెడు దిశల్లో కలిస్తే పై సర్క్యూట్ సున్నా దగ్గరే 120 మిల్లీవోల్టులు తప్పు చూపగలదు. మామూలు డివైడర్‌లో సున్నా ఎప్పుడూ సున్నానే, ఎత్తిన సర్క్యూట్‌లో అలా కాదు. 0.1 శాతం రెసిస్టర్లు కొంటే ఇది పదో వంతు అవుతుంది. కొనకపోయినా రెండు బిందువుల క్యాలిబ్రేషన్‌తో దాదాపు పోతుంది.

1. బోర్డును పది నిమిషాలు నడవనివ్వండి. ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేసి 64 శాంపిళ్ల సగటు తీయండి. ఉదాహరణకు 2051 వచ్చిందనుకోండి.

2. ఒక 9 వోల్టుల బ్యాటరీని తగిలించి, అది తగిలి ఉండగానే మల్టీమీటర్‌తో కొలవండి. 9.12 వోల్టులు, ఏడీసీ 3599 అనుకోండి. మెట్టు = 9.12 ÷ (3599 − 2051) = 5.891 మిల్లీవోల్టులు.

3. బ్యాటరీని తిరగేయండి. 503 దగ్గర రావాలి. రెండు మూడు మెట్ల తేడా మామూలే. ఇరవై మెట్లు తేడా ఉంటే క్యాలిబ్రేషన్‌తో కప్పిపుచ్చకండి. ఏడీసీ వంకరగా ఉందో, ఆప్-ఆంప్ ఒక కొసన ఆగిపోతోందో, డయోడ్ లీకవుతోందో వెతకండి.

సున్నా సంఖ్యను, మెట్టును రెండిటినీ ఈఈప్రామ్‌లో (పవర్ పోయినా చెరగని మెమరీలో) దాచండి, బోర్డుకొక జత. ఉష్ణోగ్రత బాగా మారే చోట డిగ్రీకి 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) మాత్రమే మారే రెసిస్టర్లు తీసుకోండి. వీలుంటే మూడూ ఒకే ప్యాక్‌లో ఉన్న రెసిస్టర్ నెట్‌వర్క్ వాడండి. మూడూ ఒకేలా వేడెక్కితే నిష్పత్తి మారదు.

సాఫ్ట్‌వేర్‌లో

సూత్రం ఒక్క లైను: ఇన్‌పుట్ = (రీడింగ్ − సున్నా) × మెట్టు. అందులోనే రెండు గుంటలున్నాయి.

రీడింగును గుర్తు లేని 16 బిట్ల వేరియబుల్‌లో పెట్టి, తీసివేత ఫలితాన్నీ అలాంటి దాన్లోనే దాచితే, 503 − 2051 మైనస్ 1548 కాదు, 63988 అవుతుంది. తెర మీద 376.95 వోల్టులు కనిపిస్తాయి. ప్లస్ వైపు అంతా సరిగ్గా ఉండి, సున్నా దాటగానే వందల వోల్టులు చూపిస్తే కారణం ఇదే. తీసివేతకు ముందే గుర్తున్న రకంలోకి మార్చండి. 8 బిట్ల ఏవీఆర్ (ఏటీమెగా కుటుంబం) చిప్ మీద పూర్ణాంకాలతో లెక్క చేస్తుంటే 32 బిట్ల రకం వాడండి, 1548 × 5891 అనే గుణకారం 16 బిట్లలో పట్టదు.

ఏడీఎస్1115 తన రీడింగును టూస్ కాంప్లిమెంట్‌లో, అంటే మైనస్ గుర్తు కూడా బిట్లలోనే ఉండే రూపంలో ఇస్తుంది. రెండు బైట్లను కలిపి 32 బిట్ల ప్రాసెసర్‌లో నేరుగా పూర్ణాంకంగా వాడితే మైనస్ 1 కాస్తా 65535 అవుతుంది. ముందు 16 బిట్ల గుర్తున్న రకంలోకి తెచ్చి, ఆ తర్వాతే విస్తరించండి.

విద్యుత్ లైన్ల గుండా వచ్చే హమ్ తగ్గాలంటే శాంపిళ్లను సమాన వ్యవధిలో 100 మిల్లీసెకన్ల పాటు తీసి సగటు చేయండి. అందులో 50 హెర్ట్జ్ ఐదు సార్లు, 60 హెర్ట్జ్ ఆరు సార్లు పూర్తిగా ఇముడుతుంది, రెండూ రద్దయిపోతాయి.

తేడా వస్తే చూడాల్సినవి

రీడింగ్ ఎప్పుడూ 0 దగ్గరే ఉంటే మొదట ఆర్2 పై కొస మీద వోల్టేజ్ ఉందో లేదో కొలవండి. బ్రెడ్‌బోర్డ్ పవర్ పట్టీ మధ్యలో తెగి ఉండటం మామూలే.

ఇన్‌పుట్ మారకపోయినా, మోటార్ గానీ రిలే గానీ ఆన్ చేసినప్పుడు రీడింగ్ జరిగితే గ్రౌండ్ తీగను చూడండి. 20 మిల్లీఓమ్‌ల తీగలో 1 ఆంప్ పోతే 20 మిల్లీవోల్టులు పడిపోతాయి, ఆ మొత్తం మీ కొలతలో కలుస్తుంది. సోర్స్ గ్రౌండ్ నుంచి ఏడీసీ గ్రౌండ్‌కు విడి తీగ లాగండి, లోడు కరెంటును దాని మీద పోనివ్వకండి.

మెయిన్స్‌కు నేరుగా కలిసి ఉన్న సర్క్యూట్‌ను ఈ పద్ధతుల్లో దేనితోనూ కొలవకండి. మీ బోర్డు గ్రౌండ్, దానికి కలిసిన యూఎస్‌బీ, కంప్యూటర్ పెట్టె, అన్నీ లైవ్ అవుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ లేదా ఐసోలేటెడ్ యాంప్లిఫయర్ తప్పనిసరి.

బోర్డు ఆపేశాక కూడా ఎల్ఈడీ మసకగా వెలుగుతుంటే, సిగ్నల్ వైపు పవర్ ఇంకా ఉందన్నమాట. ప్లస్ 10 వోల్టులు 36.5 కిలోఓమ్, 10 కిలోఓమ్ గుండా ఆగిపోయిన 3.3 రైలులోకి కారుతున్నాయి. ఒక్క చానెల్‌తో అది 0.27 మిల్లీఆంప్‌కు మించదు. ఎనిమిది చానెళ్లుంటే 2 మిల్లీఆంప్‌ల దరిదాపుల దాకా పోవచ్చు, ఆపేసిన మైక్రోకంట్రోలర్‌ను అరకొరగా లేపడానికి అది చాలు. రీసెట్ సరిగ్గా పడక ప్రోగ్రామ్ ఎక్కడో చిక్కుకుపోతుంది. రైలు నుంచి గ్రౌండ్‌కు ఆ కరెంటును దించేసే బ్లీడర్ రెసిస్టర్ పెట్టండి. 470 ఓమ్‌లు పెడితే రైలు 1 వోల్టు దాటదు. బ్యాటరీ మీద నడిచే బోర్డుల్లో ఆ 470 ఓమ్‌లు పని చేసేటప్పుడు 7 మిల్లీఆంప్‌లు తింటాయి కాబట్టి, అక్కడ బ్లీడర్‌కు బదులు ప్రతి ఇన్‌పుట్ ముందూ ఒక అనలాగ్ స్విచ్‌నో చిన్న రిలేనో పెట్టి, బోర్డు ఆగినప్పుడు తెరుచుకునేలా కట్టండి.